గురి ఖాతా

లెక్కలు వ్రాయడం నా వృత్తి. ఇరవై రెండేళ్ళుగా సర్కారు కొలువులో గుమాస్తాగా జీతాల బిల్లులు, జమాఖర్చుల రిజిస్టర్లు, ఆవక జావక పుస్తకాలు వ్రాస్తూ వచ్చాను. చదివింది మెట్రిక్ వరకే. ఆఫీసులో మరాఠీ, యింట్లో తెలుగు. ఇటువంటి వాడు పిస్తోలు విద్యను గురించి మన పత్రికకు వ్రాయబూనడం చూసి చదువరులు నవ్వుకుంటారేమో. నేను పిస్తోలు పట్టినవాణ్ణి కాను. పట్టేది మా రెండవ అమ్మాయి. ఆమె అభ్యాసానికి లెక్క వ్రాసే పని మాత్రమే నాది. అయితే ఆ లెక్క పుస్తకం వొకనాడు మా యింట్లో పెద్ద తగవునే తీర్చవలసి వచ్చింది. అందుచేత నలుగురికీ చెప్పదగిన సంగతే అనుకుంటున్నాను.

మా సిరొంచ సంగతి తెలియని వారి కోసం రెండు ముక్కలు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి యెదురుగడ్డన వున్న వూరు మాది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మీలో చాలామంది వచ్చి స్నానాలు చేసి వెళ్ళారు. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడ్డది మొదలు మేము ఆ జిల్లాలో వున్నాము గాని, జిల్లా కచేరీకి వెళ్ళాలంటే అడవి దారిన రెండువందల కిలోమీటర్ల పైమాటే. పెళ్ళి బట్టలకైనా, కంటి డాక్టరుకైనా నది దాటి తెలంగాణాకు పోవడమే మాకు దగ్గర.

ఇక తుపాకి సంగతి. మా ప్రాంతంలో తుపాకి అంటే ఆట వస్తువని యెవ్వరూ అనుకోరు. 1980 ప్రాంతాన దళాలు గోదావరి దాటి యిటు వచ్చింది మొదలు, అటు వాళ్ళ చేతనూ తుపాకులే, యిటు పోలీసుల చేతనూ తుపాకులే. మధ్యన మేము. రాత్రివేళ కుక్కలు మొరిగితే దీపం తగ్గించి కూర్చున్న యిళ్ళు మా వూళ్ళో యిప్పటికీ వున్నవి. మా అవ్వ ఆ కాలమంతా చూసిన మనిషి. ఆవిడ మనుమరాలు నాగపూరు హాస్టలులో వుండి బి.యస్సీ. చదువుతూ, పిస్తోలు క్లబ్బులో చేరిందని యింట్లో యెలా చెప్పడం?

అమ్మాయి చేరింది 2024 ఆగస్టులో. దేశమంతా పారిస్ వొలింపిక్కుల మాటే మాట్లాడుకుంటున్న రోజులు. జూలై 28న మను భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్తోలులో కాంస్యం తెచ్చింది. ఆగస్టు 1న మన మహారాష్ట్ర వాడే, కొల్హాపూరు జిల్లాకు చెందిన స్వప్నిల్ కుసాళే, రైఫిలులో 451.4 మార్కులతో కాంస్యం తెచ్చాడు. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా పని చేసినవాడు. "టికెట్లు సూసేటాయన గంత దూరం పోయిండా!" అని మా అవ్వ ఆశ్చర్యపోయింది. ఆ అదను చూసి అమ్మాయి సంగతి చెప్పాను. ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆట యేమిటో చెబుతాను. ఎయిర్ పిస్తోలులో మందు వుండదు, గాలి వొత్తిడే. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుళ్ళు. మరాఠీలో ఛర్రాలంటారు. పది మీటర్ల దూరాన కాగితం. దాని నడుమ పది మార్కుల వలయం అడ్డుకొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, అనగా మన రూపాయి బిళ్ళలో సుమారు సగం. వొంటి చేత్తో పట్టి కాల్చాలి, రెండవ చెయ్యి తాకకూడదు. పోటీలో అరవై గుళ్ళు, డెబ్బై అయిదు నిమిషాలు. మొత్తం ఆరువందల మార్కులు. పూర్వం ఆడవాళ్ళకు నలభై గుళ్ళే వుండేవి. 2018 నుంచి వారికీ అరవై చేశారు.

ఇందులో యెదుగుదల యెంత సన్నగా వుంటుందో వొక్క వుదాహరణ. టోక్యోలో మను భాకర్‌కు ఆట మధ్యలో పిస్తోలు చెడింది. అయినా 575 తెచ్చి పన్నెండవ స్థానంలో నిలిచి వెనుదిరిగింది. పారిస్‌లో 580 తెచ్చి మూడవ స్థానంలో ఫైనలుకు వెళ్ళింది. మధ్యన మూడేళ్ళు; తేడా అయిదు మార్కులు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని "ఈ నెల యెంత పెరిగింది?" అని అడిగే చుట్టాలకు యీ లెక్క యెలా నచ్చుతుంది?

మొదటి దీపావళికి యింటికి వచ్చినప్పుడు అమ్మాయి తన నోటుపుస్తకం చూపింది. పది గుళ్ళకు వొక వరుస చొప్పున మార్కులు వ్రాసుకున్నది. యెక్కడ 90 దాటితే అక్కడ యెర్ర సిరాతో చుట్టు. తక్కువ వచ్చిన రోజున వట్టి తేదీ, పక్కన "వెలుతురు బాగా లేదు" అనో, "చెయ్యి చెమట" అనో. మా ఆఫీసు రిజిస్టర్లలో చివరి గడిని "శేరా" అంటారు, అంటే రిమార్కులు. పని జరగని చోటల్లా శేరా గడి నిండుగా వుంటుందని ప్రతి గుమాస్తాకూ తెలుసును. నేను నవ్వి, "బిడ్డా, రూళ్ళ పుస్తకం నేను గీసిస్త, అంకెలు నువ్వు వెయ్యి" అన్నాను.

అలా మొదలైంది మా ఖాతా. గీతలు గీసింది నేనే గాని గడులు పుట్టింది మాత్రం మా యిద్దరి వాదులాటలో. ఉత్తమ మార్కుకు గడి పెట్టలేదు. ఖజానాలో యే వొక్కనాటి వసూలునూ సంవత్సర ఆదాయమని వ్రాయరు గదా! వెనుకటి పది వరుసల సగటు వొక గడి. ఆ పదింటిలో అన్నిటికన్న తక్కువ యెంత అన్నది మరొక గడి. ఈ రెండవది అమ్మాయికి మొదట్లో కష్టం తోచింది. పోటీనాడు చేతికి వచ్చేది మన మంచిరోజు కాదు, మామూలు రోజు. ఒక్కొక్కప్పుడు చెడ్డరోజు. ఆ చెడ్డరోజు యెంత చెడ్డదో తెలియాలి.

అన్నిటికన్న విలువైన గడి మాత్రం ఆమె కోచి చెప్పి వ్రాయించినది. దానికి నేను "అంచనా" అని పేరు పెట్టాను. గుండు వెళ్ళిన క్షణాన ముందరి సైటు యెక్కడ నిలిచిందో కంటికి అందాలట. కాగితం చూడక ముందే "ఎనిమిది, మూడు గంటల వైపు" అని వ్రాసుకోవాలి. గడియారపు ముళ్ళ ప్రకారం దిక్కు చెప్పడం వాళ్ళ వాడుక. తరువాతనే గిలక తిప్పి, తీగె మీద కాగితాన్ని దగ్గరకు లాగి చూడాలి. చెప్పిన చోటనే చిల్లు వుంటే గడిలో టిక్కు, లేకుంటే సున్న. గుండుకొక కాగితం మార్చాలి గనుక యిది రోజుకు వొక్క వరుసకే సాధ్యం.

మరాఠీలో బడ్జెటును అందాజపత్రక్ అంటారు. మార్చి నెల వచ్చేసరికి అంచనాకూ వాస్తవానికీ వున్న దూరాన్ని బట్టే ఆఫీసు యెలా నడిచిందో చెప్పవచ్చు. ఖర్చు తక్కువైనా అంచనా తప్పితే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. ఇక్కడా అదే న్యాయం. పది అనుకున్నప్పుడు ఏడు పడితే, చెయ్యి యేం చేసిందో కంటికి తెలియలేదన్నమాట. తెలియనిదాన్ని దిద్దడం యెవరి తరం? ఏడు అని చెప్పి ఏడే పడితే, మార్కు తక్కువే, కాని తప్పు జరుగుతూ వుండగానే ఆమె చూచింది. రేపు దిద్దుకుంటుంది. మార్కుల గడి చెప్పలేని మాట యీ గడి చెబుతుంది.

సెలవుల్లో యిక్కడ పిస్తోలు వుండదు, అది క్లబ్బు సొత్తు. అమ్మాయి లీటరు నీళ్ళ సీసాను చేత పట్టి, చెయ్యి చాచి, తెల్లగోడ మీద చుక్క వంక చూస్తూ నిలబడేది. లీటరు నీళ్ళంటే కిలో బరువు, పిస్తోలూ యించుమించు అంతే. నేను పక్కన గడియారం పట్టుకునేవాణ్ణి. మా అవ్వ వంటింటి గడపలో కూర్చుని, "నీళ్ళ సీస పట్టుకునుడు సుత సదువేనా?" అని గొణిగేది. గొణుగుతూనే లెక్కపెట్టేది.

ఇంకొక గడి వచ్చిన తీరు చెప్పాలి. పైదేశాలలో ప్రాక్టికల్ షూటింగు అని వొక ఆట వున్నది. 1976లో అమెరికాలో మిసౌరీ రాష్ట్రపు కొలంబియా నగరాన దానికి అంతర్జాతీయ సంఘం యేర్పడింది. నిలిచి కాల్చడం కాదు, నడుస్తూ, వంగుతూ, వొక దాని తరువాత వొకటిగా లక్ష్యాలను కొట్టాలి. వచ్చిన మార్కులను పట్టిన సెకండ్లతో భాగిస్తారు. నడుమ పడితే అయిదు మార్కులు, అయినా ఆలస్యమైతే ఆ అయిదు కరిగిపోతాయి. తొందరపడి అంచుకు కొడితే అసలే తగ్గుతాయి. చప్పుడు విని సెకండ్లు చెప్పే చిన్న యంత్రం వుంటుంది. వొర నుంచి తీసి మొదటి గుండు వేయడానికి యెంత, గుండుకూ గుండుకూ మధ్య యెంత అని ఆ ఆటగాళ్ళు పుస్తకాల కొద్దీ వ్రాసుకుంటారట. ఆ పిస్తోళ్ళు మన దేశంలో సామాన్యులకు అందేవి కావు. ఆ సంగతి మాకు అనవసరం కూడాను. అయినా అమ్మాయికి ఆ భాగహారం నచ్చింది. "బాపూ, మార్కు పక్కన సెకండ్లు లేకుంటె సగం లెక్కే గదా!" అన్నది. నిజమే. చెయ్యి యెత్తిన తరువాత యెనిమిది పది సెకండ్లు దాటితే చూపు మసకబారుతుంది, చెయ్యి వణుకుతుంది. అప్పుడు కాల్చకుండా దించి, మళ్ళీ మొదలు పెట్టాలి. అందుకని "దించినవి" అని వొక గడి వేశాము. కాల్చని గుండుకు కూడా లెక్క వున్న రిజిస్టరు నా కొలువులో యింతవరకు చూడలేదు.

తగవు 2025 దీపావళికి వచ్చింది. అమ్మాయికి సొంత పిస్తోలు కావలసి వచ్చింది. క్లబ్బు పిస్తోలు పదిమంది చేతులు మారేది. పట్టు ప్రతివారికీ వేరు. కొత్తది విదేశపు సరుకు, లక్షన్నర పైమాటే. పండుగకు చెన్నూరు నుంచి మా అక్కా బావా వచ్చారు. బావకు ఎరువుల దుకాణం, లెక్కలో గట్టివాడు. పుస్తకం తిరగేసి, మే నెల సగటు 87, అక్టోబరు సగటు 87 అని వేలు పెట్టి చూపించాడు. "ఏం బామ్మర్దీ, అయిదు నెలల్ల ఒక్క మార్కు సుత పెరుగలే. గీదానికి అప్పు జేస్తవా? పెద్దపిల్ల పెండ్లి ఎట్ల జేస్తవ్?" అన్నాడు. ఆయన అన్నదానిలో ద్వేషం లేదు. పెళ్ళి మాట నిజమే. మా ఆవిడ కూడా నా వంక చూసి వూరుకున్నది.

సరిగా ఆ వారంలోనే, అక్టోబరు 15న, మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో గడ్చిరోలిలో ముఖ్యమంత్రి యెదుట ఆయుధాలు అప్పగించాడు. టీవీలో ఆ తుపాకుల వరుస చూసిన మా అవ్వ, "ఇన్నేండ్లకు అడివిల తుపాకులు దిగుతున్నయి, మనింట్లకు ఎక్కుతున్నయా?" అన్నది. బావ మాటకు జవాబు చెప్పవచ్చు గాని యీ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

బావ మాటకు మటుకు పుస్తకమే జవాబు చెప్పింది. జూన్‌లో కోచి ఆమె కాల్చే తీరునే మార్పించాడు. అంతకు ముందు సైటు నడుమకు వచ్చిన క్షణం చూసి ట్రిగ్గరు గుంజేది. ఇప్పుడు నల్లచుట్టు కింద నిలిపి, ట్రిగ్గరును నిదానంగా వొత్తుకుంటూ పోవాలి. జూన్ సగటు 83కు పడిపోయింది. అక్కడి నుంచి యెక్కి 87కు వచ్చింది. అంకె వొకటే గాని ఆ 87 వేరు, యీ 87 వేరు. మేలో అన్నిటికన్న తక్కువ వరుస 76, అక్టోబరులో 83. అంచనా గడిలో జూన్‌లో పదింటికి మూడు టిక్కులు, అక్టోబరులో ఏడు. నేను ఆ మూడు గడులను వేరే కాగితం మీద వ్రాసి బావ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. "ఉద్దెర ఖాతాలు సుత గిట్లనే సూడాలె. మొత్తం గాదు, పాత బాకీ ఎంత తగ్గిందో సూడాలె" అన్నాడు. అయినా కొత్తది కొనడానికి వొప్పుకోలేదు.

చివరకు క్లబ్బులో వొక పెద్ద ఆటగాడు అమ్ముతున్న వాడిన పిస్తోలు చూశాము. సగం డబ్బు మిరపపంట మీద వచ్చినది, సగం మా వుద్యోగుల పతసంస్థ అప్పు, ముప్ఫయ్యారు కిస్తులు. పెద్దమ్మాయి పెళ్ళికి దాచిన దానిని ముట్టుకోలేదు. ఆ షరతు పెద్దమ్మాయి పెట్టలేదు, రెండవదే పెట్టింది.

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే పెద్దవాళ్ళ జాతీయ పోటీలలో గెలిచింది. హాంగ్జౌ ఆసియా క్రీడలలో 2023లో నాలుగు పతకాలు తెచ్చింది. మా చుట్టాలు ఆ పేరు చెప్పి "మీ పిల్ల ఎప్పుడు?" అని అడుగుతూ వుంటారు. మా అమ్మాయి మొదలుపెట్టిందే పద్దెనిమిదేళ్ళకు. ఆ లెక్క వేరు, మా పుస్తకంలో ఆ గడి లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె వారం లెక్కను ఫోనులో ఫోటో తీసి పంపుతుంది. నేను రూళ్ళ పుస్తకంలోకి ఎత్తి వ్రాస్తాను. డిసెంబరులో సగటు 90 దాటింది. జనవరిలో 89కి దిగి, మళ్ళీ యెక్కింది. కిస్తులు ముప్ఫై పైన మిగిలి వున్నవి. మా అవ్వకు చదువు రాదు గాని, అంకెలలో సున్నను గుర్తుపడుతుంది. అంచనా గడిలో సున్నలు యెన్ని వున్నవో వేలు పెట్టి లెక్కించి, "ఈ వారం మూడే" అని చెప్పి పుస్తకం తిరిగి నా చేతికి యిస్తుంది.