బడిగంటా, స్ఫటికమూ, అతిశక్వరీ



పాదానికి పదిహేను అక్షరాలు గల ఛందానికి అతిశక్వరి అని పేరు. మాలినీవృత్తం అందులోనిదే. గురులఘువుల అమరికను మార్చుకుంటూ పోతే అతిశక్వరిలో పుట్టగల సమవృత్తాలు మొత్తం 32,768. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి గనుక ఈ సంఖ్య నాకు పాతకాపే. అయితే పోయిన ఏడాది మా తమ్ముడి మనవడు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నవాడు, వడ్లగింజంత లోహపు గొట్టాన్ని నా అరచేతిలో పెట్టి "తాతయ్యా, ఇది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది" అన్నాడు. పింగళాచార్యుల వారి సంఖ్య ఆ గొట్టంలోకి ఎలా వెళ్ళిందా అని ఆశ్చర్యపోయాను. విచారిస్తే తెలిసిన విషయాలను మీతో పంచుకోవాలని ఈ టపా.

ఆ గొట్టంతో మాకేం పని పడిందో ముందు మనవి చేస్తాను. నేను పదవీ విరమణ చేసిన ఉన్నత పాఠశాలలో గంట కొట్టే అటెండరు రిటైరై చాలా కాలమైంది. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క మాత్రం అలాగే ఉంది. దాన్ని కొట్టే భారం ఆ పూట ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుడిది. ఒకనాడు నలభై అయిదు నిమిషాల పీరియడ్ ముప్పై అయిదుకే ముగుస్తుంది, మరొకనాడు గంట దాటుతుంది. పాఠాల సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. సాయంత్రపు గంటతోనే చిక్కు. పొరుగున ఉన్న రెండు పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఉన్నది ఒకే ఒక బస్సు. బడి వదిలిన పది నిమిషాలకు అది రోడ్డు మీదికి వస్తుంది. అది తప్పిపోతే నాలుగు కిలోమీటర్లు నడవాలి. చలికాలంలో ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. రెండు మూడు మార్లు అలా జరిగాక, తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల తండ్రి బడికి వచ్చి, ఇంకొక్కసారి ఇలా అయితే పిల్లను మాన్పించేస్తానని చెప్పి వెళ్ళాడు. అన్నమాట మీద నిలబడే మనిషి ఆయన.

ఈ సంగతి విని మా మనవడు ఒక పెట్టె చేసి తెచ్చాడు. లోపల ఏటీమెగా 328పీ అనే మైక్రోకంట్రోలర్. ఆర్డుయినో బోర్డుల పుణ్యమా అని కాలేజీ పిల్లలందరికీ పరిచయమైన చిప్పు అది. వేళకు అది రిలేను కదిలిస్తే కరెంటు గంట మోగుతుంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి వేళ సరిచేసి గోడకు తగిలించారు. గురువారం సాయంత్రానికి అది పదకొండు నిమిషాలు వెనకబడింది. గంట మోగేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఆ పూట ప్రధానోపాధ్యాయులు తానే ఆటో మాట్లాడి పిల్లలను పంపారు. ఆ తండ్రికి ఫోను చేసి బతిమాలుకున్నారు.

యంత్రం ఎందుకు తప్పింది? దాని లోపలి గడియారం ఎలాంటిదో తెలిస్తే ఆ తప్పులో వింత కనబడదు.

మన పూర్వులకు ఘటికాయంత్రం ఉండేది. అడుగున సన్నని బెజ్జం గల రాగిపాత్రను నీటి మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ, అంటే 24 నిమిషాలు. అహోరాత్రంలో అరవై మార్లు మునిగే ఇలాంటి పాత్రను సూర్యసిద్ధాంతం వర్ణిస్తుంది. మనవడు వాడిన చిప్పు లోపల సహజంగా ఉండే ఆసిలేటర్ కూడా ఆ జాతిదే. కెపాసిటర్ అనే పాత్రలోకి రెసిస్టర్ అనే బెజ్జం గుండా విద్యుత్తు నిండుతుంది, ఒక మట్టానికి చేరగానే ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండుతుంది. సెకనుకు ఎనభై లక్షల మార్లు ఈ తంతు నడుస్తుంది. అయితే వేడినీళ్ళు బెజ్జంలోంచి త్వరగా దూరినట్టే ఇక్కడా ఉష్ణోగ్రత మారితే వేగం మారుతుంది. బ్యాటరీ బలం తగ్గినా మారుతుంది. ఈ ఆసిలేటర్ నూటికి పది దాకా అటూ ఇటూ ఉండవచ్చునని చిప్పు తయారుచేసినవారే తమ పత్రంలో రాసుకున్నారు. మనం శ్రద్ధగా సరిచేసుకుంటే ఆ తేడా నూటికి ఒకటికి తగ్గుతుంది. రోజుకు 86,400 సెకన్లు గదా! అందులో నూటికి ఒకటి అంటే 864 సెకన్లు, అంటే పద్నాలుగు నిమిషాల పైమాట. రోజుకు మూడు నిమిషాల చిల్లర మాత్రమే తప్పిన మా పెట్టె నిజానికి మాపట్ల దయగానే ప్రవర్తించింది. దీపం మిణుకుమనిపించడానికీ, మీట నొక్కారో లేదో చూడడానికీ ఆ ఆసిలేటర్ చాలు. బస్సు అందుకోవడానికి చాలదు.

కాలాన్ని నోటితో కొలిచే పద్ధతి కూడా మనకు ఉండేది. ఆర్యభటీయం కాలక్రియాపాదంలో అరవై గుర్వక్షరాలు పలికే కాలం ఒక వినాడి అని ఉంది. పంచాంగంలో మనం విఘడియ అనేది అదే. విఘడియకు 24 సెకన్లు గనుక ఒక్క గురువుకు సెకనులో పదింట నాలుగు వంతులు పడుతుందన్నమాట. లెక్క చక్కగానే ఉంది గాని, పలికే నోళ్ళు ఒక్కలా ఉండవు. మధ్యాహ్నం భోజనపు గంటకు ముందు పద్యం అప్పజెప్పమంటే మా పిల్లల గురువులన్నీ లఘువులయ్యేవి!

నిండే పాత్రనూ పలికే నోటినీ నమ్మలేనప్పుడు మరేది నమ్మాలి? వేపచెట్టుకు వేలాడే ఆ రైలుపట్టా ముక్క వైపు చూడండి. గట్టిగా కొట్టినా, మెల్లగా కొట్టినా, పెద్దవాళ్ళు కొట్టినా, పిల్లలు కొట్టినా దాని నాదం ఒకటే. శబ్దం హెచ్చుతగ్గులవుతుంది గాని స్థాయి మారదు. ఆ స్థాయి ఇనుము ఆకారంలోనే ఉంది. స్ఫటికం చేసే పనికి మూలసూత్రం ఇదే.

స్ఫటికమంటే ఏదో దేవలోకపు మణి కాదు, మన పొలాలగట్ల మీద దొరికే పలుగురాయి జాతిదే. గడియారాల కోసం దాన్ని కర్మాగారాలలో శుద్ధంగా పెంచుతారు. ఈ రాయిని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కనుగొన్నారు. విద్యుత్తు ఇస్తే రాయి కదులుతుందన్న తిరుగు సూత్రం మరుసటి ఏడే తేలింది. కదిలిన రాయి తన సహజ స్థాయిలో కంపిస్తుంది. ఆ కంపనం నుంచి పుట్టిన విద్యుత్తునే కాస్త బలపరచి తిరిగి దానికే అందిస్తే కంపనం ఆగకుండా సాగుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్, హోర్టన్ అనేవారు 1927లో ఈ పద్ధతితో మొదటి స్ఫటిక గడియారం నిర్మించారు. ముంజేతికి కట్టుకునే క్వార్ట్జ్ గడియారాన్ని జపానువారి సీకో సంస్థ 1969 డిసెంబరు 25న ఆస్ట్రాన్ అనే పేరుతో విక్రయానికి పెట్టింది. దానిలోని స్ఫటికం సెకనుకు 8,192 సార్లు కంపించేది. పదమూడు అక్షరాల అతిజగతిలో వృత్తాలు ఎన్నో గుర్తుందా? సరిగ్గా 8,192!

ఇది కాకతాళీయం కాదు. ప్రస్తారంలో ఒక్కొక్క అక్షరానికి రెండే దారులు, గురువో లఘువో. పదిహేను అక్షరాలకు రెండును పదిహేను మార్లు హెచ్చించాలి. గడియారపు చిప్పులో ఒక్కొక్క మెట్టుకూ రెండే స్థితులు. రెండు టిక్కులు లోపలికి వస్తే ఒకటి బయటికి పోతుంది. పదిహేను మెట్లు దిగేసరికి 32,768 టిక్కులు ఒక్క సెకనుగా మిగులుతాయి.

నష్టం అనే ప్రక్రియ నేర్చుకున్నవారికి ఇది మరీ తేలిక. వృత్తసంఖ్య సరి అయితే సగం చేసి లఘువు వేయాలి. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు వేయాలి. మాలిని సంఖ్య 4,672ను ఇలా సగం చేసుకుంటూ పోతే ఆరు లఘువులు, మూడు గురువులు వచ్చి, ఆ మీద రెండు యగణాలు వస్తాయి. 32,768ను పట్టుకుంటే పదిహేను మార్లూ సరిసంఖ్యే, అన్నీ లఘువులే, చివరికి మిగిలేది ఒకటి. చిప్పు కూడా ప్రతి సెకనూ ఇదే లెక్క చేస్తోంది. మా చిప్పులో రెండో టైమరుకు ఈ స్ఫటికాన్ని నేరుగా తగిలించే వీలుంది. ముందు 128తో భాగిస్తుంది, అంటే ఏడు మెట్లు. మిగిలిన 256ను ఎనిమిది మెట్ల టైమరు లెక్కపెడుతుంది. మాలినిలో తొమ్మిదో అక్షరం యతిస్థానమై పాదం 8, 7గా విరిగితే ఇక్కడ 7, 8గా విరుగుతోంది. మిగతా చిప్పు నిద్రపోతున్నా ఈ టైమరొక్కటీ మేలుకొని ఉంటుంది గనుక కరెంటు పోయినా నాణెమంత బ్యాటరీ మీద కాలగణన సాగుతూనే ఉంటుంది.

అయితే స్ఫటికం తగిలించినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇంత కెపాసిటర్ బరువు తన మీద ఉంటేనే చెప్పిన స్థాయిలో పలుకుతానని ప్రతి స్ఫటికానికీ ఒక షరతు ఉంటుంది. 12.5 పికోఫారడ్లు అనేది తరచుగా కనబడే విలువ. చిప్పు కాళ్ళకూ, బోర్డు మీది రాగిదారులకూ స్వతహాగా ఉండే కెపాసిటీని కూడా ఆ లెక్కలో కలుపుకోవాలి. బరువు తగ్గితే గడియారం ముందుకు పోతుంది, పెరిగితే వెనకబడుతుంది. అందుకే స్ఫటికాన్ని చిప్పుకు వీలైనంత దగ్గరగా పెట్టి, అతుకు వేసిన చోట జిగురు మిగలకుండా తుడవాలి. ఆసిలోస్కోపు మొనతో దాని కాలిని తాకి కొలవబోతే ఆ మొన బరువుకే స్థాయి మారుతుంది, ఒక్కొక్కసారి కంపనమే ఆగిపోతుంది. మనవడు మరో కాలు మీదికి సెకను టిక్కును తెప్పించి అక్కడ కొలిచాడు.

ముప్పై రోజులు మా ఇంట్లోనే ఉంచి, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోనులోని వేళతో పోల్చి పుస్తకంలో రాశాము. నెల చివరికి పెట్టె 38 సెకన్లు వెనకబడింది. నేను నిరుత్సాహపడ్డాను గాని వాడు సంతోషించాడు. "రోజూ ఒకే తీరుగా తప్పుతోంది తాతయ్యా, ఇక దిద్దుకోవచ్చు" అన్నాడు. ప్రతి పంతొమ్మిది గంటలకూ ఒక సెకను అదనంగా కలపమని ప్రోగ్రాములో ఒక్క వాక్యం రాశాడు. నెలకు 720 గంటలు. పంతొమ్మిదితో భాగించి చూడండి. చాంద్రమాన సంవత్సరం సౌరమానానికి దాదాపు పదకొండు రోజులు వెనకబడుతుందని మనవారు పంచాంగాన్ని పారవేయలేదు. ఆ వెనుకబాటు ఎంతో కొలిచి, అధికమాసం కలుపుకున్నారు. మొదటి పెట్టెకు అధికమాసం వేయడం సాధ్యం కాలేదు. అది ఈ పూట ఎంత తప్పిందో రేపు అంతే తప్పుతుందన్న భరోసా లేదు.

ఎండ మాటేమిటని మీరు అడగవచ్చు. ఈ రకపు స్ఫటికానికి 25 డిగ్రీలు ఇష్టం. అక్కడి నుంచి చలి వైపు పోయినా వేడి వైపు పోయినా నెమ్మదిస్తుంది. దూరం రెట్టింపైతే వెనుకబాటు నాలుగింతలవుతుంది. 45 డిగ్రీల వద్ద రోజుకు సెకను పైచిలుకు తగ్గుతుంది. రేకుల కప్పు కింద, ఒంటిపూట బడుల రోజులలో, నెలకు అరనిమిషం పోయినా బస్సు తప్పదు. ఉష్ణోగ్రతను తానే గమనించి దిద్దుకునే డీఎస్ 3231 వంటి చిప్పులు బజారులో ఉన్నాయి. వాటి తేడా ఏడాదికి రెండు నిమిషాల లోపే. అదే కొని పెడితే పోయేది గదా అంటారేమో! నిజమే. కాని ఆ పిల్లవాడు నేర్చుకోవాలనుకున్నాడు, నాకూ నేర్పాడు.

న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల భారత ప్రామాణిక కాలాన్ని సీజియం గడియారాలతో కాపాడుతోంది. సీజియం పరమాణువుకు సంబంధించిన 9,192,631,770 డోలనాల కాలమే 1967 నుంచి సెకనుకు నిర్వచనం. ఆ ప్రామాణిక కాలంతో మా బడిపెట్టెను నెలనెలా మొదటి సోమవారం నాడు పోల్చి చూస్తున్నారు. తేదీ, తేడా రాయడానికి ఒక నోటుపుస్తకం పెట్టారు. కరెంటు లేని వేళ పెట్టె మీది చిన్న దీపం మిణుకుమంటుంది. అప్పుడు క్లాసు లీడరు వెళ్ళి రైలుపట్టా కొడతాడు.

ఆ నోటుపుస్తకాన్ని మొన్న చూశాను. మాన్పిస్తానన్న తండ్రి కూతురు ఇప్పుడు పదో తరగతి. పుస్తకం రాసే బాధ్యత ఆమె అడిగి తీసుకుందట. గుండ్రని దస్తూరి. చివరి పంక్తిలో తేదీ వేసి "2 సెకన్లు వెనుక, సరిచేయడమైనది" అని రాసి ఉంది.