చావో రేవో రైడ్

మా హాస్టల్ కబడ్డీ జట్టును చూసినవాళ్ళు కండబలం గురించే మాట్లాడతారు. మేము ఈ సంచికలో ఇంకో బలం గురించి రాయాలనుకున్నాం.

వరుసగా రెండు రైడ్లు పాయింటు లేకుండా పోతే మూడోది 'డూ ఆర్ డై'. మన మాటల్లో చావో రేవో. 30 సెకన్లలో పాయింటు తేవాలి, లేదంటే రైడర్ అవుట్. మన గ్రౌండులో దాన్ని నవ్వుతూ ఆడేవాళ్ళకే జోనల్ పోటీల్లో కాళ్ళు వణికేవి. ఎదుటి జట్టుకు బూట్లు, జెర్సీలు, చప్పట్లు కొట్టే అమ్మానాన్నలు. మావాళ్ళ చెవిలో 'హాస్టలోళ్ళు' అన్న మాటొక్కటే పడేది.

"భయం కాదురా, అలవాటు లేని చోటు. అలవాటు చేద్దాం" అన్నారు పీఈటీ సార్.

అప్పట్నుంచి స్టడీ అవర్‌కు ముందు అందరం కోర్టు చుట్టూ చేరి కంచాలు వాయించేవాళ్ళం, వెక్కిరించేవాళ్ళం. ఆ గోలలోనే మూడో రైడ్ ఆడించేవారు. (సొట్టపడ్డ కంచం ఎవరికొచ్చినా కారణం ఇదే, వంటమాస్టరు క్షమించాలి.) గీత దాటేముందు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. నిదానంగా వదిలితే గుండెదడ తగ్గుతుంది. కూతపెట్టే ఆట కదా, మాకిది త్వరగానే పట్టుబడింది.

రాత్రి లైట్లు ఆర్పాక కళ్ళు మూసుకుని ఒక్కో అడుగూ మనసులో ఆడాలి. పాయింటు తెచ్చినట్టే కాదు, పట్టుబడి, మట్టి దులుపుకుని మళ్ళీ నిలబడినట్టు కూడా. మాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే.

2024 డిసెంబరులో 18 ఏళ్ళ గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయినప్పుడు, అతని మనసుకు తర్ఫీదు ఇచ్చిన ప్యాడీ ఆప్టన్ పేరు పేపర్లలో చదివాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ళూ ముందు భువనగిరి బండల మీద అలవాటు పడ్డాకే మంచుకొండకు వెళ్ళారు.

అయితే 'ధైర్యంగా ఉండు' అంటే సరిపోదు. ఇంటి దగ్గర నాన్నకు జ్వరమని తెలిసి నిద్రపోని పిల్లాడికి ఊపిరి లెక్కలు ఏం చేస్తాయి? అందుకే సార్ ముందు "తిన్నావా? ఇంటికి ఫోన్ చేశావా?" అని అడుగుతారు. గుడ్డు, బూట్లు రావలసిందే, వాటి బదులు ఇది కాదు.

మొన్నటి జోనల్లో సెమీస్‌లో ఒక్క పాయింటుతో ఓడాం. కానీ చావో రేవో రైడ్లు ఐదు వస్తే నాలుగింట్లో పాయింటు తెచ్చాం.

అన్నయ్యలారా, సెలవుల్లో వస్తే కోర్టు దగ్గరకు రండి. మా గొంతులు మా రైడర్లకు అలవాటైపోయాయి. వెక్కిరించడానికి కొత్త గొంతులు కావాలి. కంచాలు మేమిస్తాం.