మేస్త్రీతో మాట్లాడాల్సింది ఎవరు?

మా వైపు ఎవరింటి ముందు ఇసుక కుప్ప కనబడినా, దారిన పోయేవాళ్లు అడిగే మొదటి మాట "ఎంతకిచ్చారు?" అని. ఎవరికిచ్చారు, ఏమేం చేస్తానన్నాడు, ఎప్పటికి ముగిస్తానన్నాడు అనేవి తర్వాత మాటలు. మా ఇంటి వెనక భాగం బాగు చేయించాక ఆ తర్వాత మాటలే ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది. ఇల్లు ముట్టుకునే ఆలోచనలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది రాజాం దగ్గర పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చేదాకా శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. మామగారు కట్టించిన పెంకుటిల్లు. మట్టి గోడలు, టేకు దూలాలు, ముందు వసారా. స్నానాల గదీ మరుగుదొడ్డీ మాత్రం పెరట్లో బావికి అవతల. అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. రాత్రి రెండుసార్లు లేవాలి. వానాకాలంలో టార్చిలైటు పట్టుకుని నేను తోడు వెళ్లేదాన్ని. నా నిద్ర చెడుతుందని ఆవిడ సాయంత్రం అయిదు దాటాక మంచినీళ్లు తాగడం మానేశారని తెలిసిన రోజున ఒక నిర్ణయానికి వచ్చాను. రెండేళ్లుగా కడుతున్న చీటీ డబ్బుతో ఆవిడకి వెనక ఒక గదీ, దాన్ని ఆనుకుని బాత్రూమూ కట్టించాలి. బంగారం సంగతి తర్వాత.

మావారి ఉద్యోగం విశాఖలో. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారి బస్సుకి వెళ్లిపోతారు. అందుకని మేస్త్రీలతో మాట్లాడే పని మా మరిదికి అప్పజెప్పారు. నేను టీ ఇచ్చే మనిషిని.

ముగ్గురు వచ్చారు. ఒకాయన వసారాలో నిలబడే అంతా చూసేసి రేటు చెప్పేశాడు. రెండో ఆయన సెల్‌ఫోన్‌లో వైజాగ్ మేడల ఫోటోలు చూపించాడు. మూడో ఆయన గునపం అడిగి, వెనక గోడ అడుగున గీకి చూశాడు. "ఇది మట్టి గోడమ్మా. దీనిమీద స్లాబు మోపితే ఆగదు. పిల్లర్లు లేపాలి. పాత గోడకీ కొత్త గోడకీ మధ్యన సందు వొగ్గాలి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి "బాత్రూమ్ ఎవరికమ్మా?" అని అడిగాడు. ఆ మాట అడిగింది ఆయన ఒక్కడే.

ఆయన చెప్పిన కూలి మొదటి ఆయన కంటే ముప్పై వేలు ఎక్కువ. ఆ ఆదివారం ఇంట్లో పెద్ద చర్చే అయింది. "చిన్న గదికి పిల్లర్లెందుకు?" అని మరిది, "తగ్గించమని అడిగి చూడు" అని మావారు. నేను ఒకటే చెప్పాను. చీటీ కట్టింది నేను. రోజూ పని దగ్గర నిలబడేది నేను. మాట్లాడేదీ నేనే. అత్తయ్యగారు మంచం మీద నుంచే "అది చెప్పినట్టు కానీండ్రా" అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ఒప్పుకునే ముందు ఆయన కట్టిన రెండిళ్లకి వెళ్లాను. రెండు వానాకాలాలు చూసిన ఇళ్లే అడిగి మరీ వెళ్లాను. గోడల కంటే ముందు ఆ ఇల్లాళ్లతో మాట్లాడాను. స్లాబు కారుతోందా, బాత్రూమ్‌లో నీళ్లు నిలుస్తున్నాయా, పిలిస్తే మళ్లీ వచ్చాడా. ఈ మూడూ మగవాళ్ల కంటే వాళ్లకే బాగా తెలుస్తాయి.

మన దగ్గర ఇంకో సంగతుంది. ఊరు మారితే నేల మారిపోతుంది. మా పుట్టిల్లు సోంపేట వైపు, సముద్రానికి దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, మా నాన్నగారి ఇంటి రేకులు ఎగిరిపోయాయి. అక్కడ ఉప్పుగాలికి ఇనుప ఊచలు తొందరగా తుప్పు పడతాయి, కాబట్టి ఊచల మీద కాంక్రీటు మందంగా ఉండాలి, సముద్రపు ఇసుక అసలు కలపకూడదు. మా అక్కది సాలూరు వైపు, కొండ దిగువ. అక్కడ వాననీరు ఇంటి మీదికి రాకుండా పునాది ఎత్తూ, పక్కన కాలువా ముఖ్యం. మా పెరడు నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. అందుకని మీ నేల మీద కట్టిన చెయ్యేనా అని చూసుకోండి.

కాలం కూడా చూసుకోవాలి. మా వైపు పనివాళ్లు చాలామంది హైదరాబాదు, చెన్నై వెళ్లిపోతారు, సంక్రాంతికి వస్తారు. ఉభాలప్పుడూ కోతలప్పుడూ కూలీలు దొరకరు. అక్టోబరు, నవంబరు తుపాన్ల భయం. అందుకే పండగ వెళ్లగానే మొదలుపెట్టి, ఆషాఢం రాకముందే ముగించేలా మాట్లాడుకున్నాం.

సామాను మాది, కూలి ఆయనది. అంతా పిల్లల నోటుబుక్కులో రాశాను. "మాట మీద నమ్మకం లేదేటమ్మా?" అన్నాడు. "నమ్మకం లేక కాదు, నాకు మతిమరుపు ఎక్కువ" అన్నాను. నవ్వి సంతకం పెట్టాడు. అందులో ఏముందంటే: కూలిలో ఏ పనులు ఉన్నాయి, సెంట్రింగ్ చెక్కలు ఎవరివి, డబ్బు ఎప్పుడెప్పుడు. పునాదికి కొంత, స్లాబుకి కొంత, ప్లాస్టరింగుకి కొంత, టైల్సుకి కొంత. చివరి పదో వంతు బాత్రూమ్ నెల రోజులు వాడాక. కొత్త పని ఏది చెప్పినా ముందు రేటు రాసుకున్నాకే మొదలు.

ఆ కాగితం అవసరం పడింది కూడా. పిల్లర్లు లేచాక పదకొండు రోజులు మేస్త్రీ కనబడలేదు. వేరే ఊళ్లో ఇంకో పని ఒప్పుకున్నాడు. చేసిన పని వరకే డబ్బు ఇచ్చాం కాబట్టి నాకు కంగారు లేదు. మా ఇంట్లో తట్టలు మోసిన వాళ్లావిడకే ఫోన్ చేశాను. "స్లాబు డబ్బులు ఇక్కడ రెడీగా ఉన్నాయి" అన్నాను. మూడో రోజు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు.

ఇక నా పని ఇలా సాగింది. సిమెంటు బస్తాలు నేలకి తగలకుండా చెక్కల మీద పెట్టించడం, వచ్చినవీ వాడినవీ రోజూ రాసుకోవడం, స్లాబు మీద మడి కట్టి ఇరవయ్యొక్క రోజులు నీళ్లు నిలపడం. టైల్సు వేసే ముందు బాత్రూమ్ నేల మీద రెండు రోజులు నీళ్లు నింపి ఉంచమన్నాను. గొట్టం మూల దగ్గర చెమ్మ బయటపడింది. టైల్సు వేశాక అయితే మొత్తం పగలగొట్టాల్సిందే. తలుపు మూడడుగులు, గుమ్మం లేదు, నేల జారని టైల్సు, కమోడు పక్కన స్టీలు పిడి, మంచం దగ్గరే స్విచ్చి. ఇవన్నీ అత్తయ్యగారిని నిలబెట్టి, చెయ్యి ఎంత దూరం అందుతుందో కొలిచి పెట్టించినవే.

నాలుగు లక్షలు అనుకున్నది ఇరవై అయిదు వేలు దాటింది. వసారా మెట్ల పక్కన ఏటవాలు దారి నేనే అడిగాను. దాని రేటూ పుస్తకంలో ఉంది.

ఇప్పుడు అత్తయ్యగారు రాత్రిపూట తనే లేచి వెళ్లి వస్తున్నారు. మంచం పక్కన మంచినీళ్ల చెంబు మళ్లీ పెట్టుకుంటున్నారు. మొన్న పక్కింటావిడ వచ్చి నోటుబుక్కులో ఆ పేజీ ఫోటో తీసుకుని వెళ్లింది. వాళ్లింట్లో వంటగది పని ఉందట. మేస్త్రీతో తనే మాట్లాడుతుందట.