నిజాం బాంబర్‌కి కొండపల్లి కర్ర

విజయవాడలో భద్రాచలం బస్సెక్కండి. ఇబ్రహీంపట్నం దగ్గర హైదరాబాద్ రోడ్డు వదిలేసి బస్సు కుడివైపు తిరుగుతుంది. అక్కణ్ణుంచి 30వ నంబరు జాతీయ రహదారి. ముందు కొండపల్లి, తర్వాత మైలవరం, ఆ తర్వాత మామిడి తోటల మధ్యలో మా ఎ.కొండూరు. ఇంకాస్త పోతే తిరువూరు. అది దాటగానే తెలంగాణ. ఒకప్పుడైతే అది నిజాం రాజ్యం.

ఎ.కొండూరు పేరు మీరెప్పుడైనా విని ఉంటే కిడ్నీ జబ్బుల వార్తల్లోనే విని ఉంటారు. మా మండలంలోని తండాల్లో ఆ బాధ నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఊరి పేరు ఎత్తగానే అందరికీ ఒకే ఒక్క సంగతి గుర్తొస్తుంటే, ఆ ఊరివాళ్ళకి ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. అందుకే ఈసారి వేరే సంగతి చెప్తాను. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని వారంలో మూడు రోజులు నేను ఇక్కణ్ణుంచే లాగిన్ అవుతాను. లాగౌట్ అయ్యాక మా వెనక గదిలో 1918 నాటి ఒక బాంబర్ విమానాన్ని 24వ వంతు సైజులో తయారు చేస్తున్నాను. కిట్ కొని అతికించడం కాదు, ప్రతి ముక్కా చేత్తో కోసి చెయ్యడం. మోడలింగ్ చేసేవాళ్ళు దీన్నే స్క్రాచ్ బిల్డ్ అంటారు.

ఏ విమానం అంటే డీహెచ్-9ఏ. రెండు అంతస్తుల రెక్కలు, ఇద్దరు మనుషులు, అమెరికాలో చేసిన 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజిను. ముక్కు దగ్గర రేడియేటర్ చూస్తే పాత లారీ ఎదురొచ్చినట్టే ఉంటుంది. అందగత్తె అని నేనైతే అనను. ఫస్ట్ వరల్డ్ వార్ అనగానే అందరికీ రెడ్ బారన్ ఎర్ర విమానం గుర్తొస్తుంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. నేను పట్టించుకోడానికి కారణం దాని పొట్ట పక్కన రాసిన అక్షరాలు. ‘హైదరాబాద్ నిజాం బహూకరించినది, హైదరాబాద్ నంబర్ 12ఏ’ అని ఇంగ్లీషులో రాసుంటుంది. మా ఊరి పేరుకి ముందు ‘ఎ’, దీని నంబరుకి వెనక ‘ఏ’. ఇంతకన్నా చుట్టరికం ఏం కావాలి!

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళకి బాగానే ఖర్చు పెట్టాడు. అందులో ఒక భాగమే ఈ విమానాలు. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు దాని మొదటి విమానాలు ఆయన కానుకే. అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. తర్వాత దాని చిహ్నంలోకి నిజాం గుర్తుగా పులి కూడా వచ్చి చేరింది. 1918 సెప్టెంబరులో యుద్ధంలోకి దిగింది. 12ఏ నంబరు విమానం, అంటే ఎఫ్1010, అక్టోబరు 5న జర్మనీ మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. నేల మీదికి దిగిపోవాల్సి వచ్చింది. లోపలున్న ఇద్దరూ బతికి ఖైదీలయ్యారు, విమానం జర్మన్ల చేతికి చిక్కింది.

అసలు కథ అక్కడే మొదలు. గెలిచిన వస్తువు కదా, జర్మన్లు దాన్ని పారెయ్యలేదు. బెర్లిన్‌లో విమానాల మ్యూజియంలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే ఆ మ్యూజియం సామాన్లు తూర్పుకి తరలించారు. యుద్ధం అయ్యేసరికి అవి పోలండ్‌లో తేలాయి. చివరికి 1977లో పోలండ్ వాళ్ళకి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి, బదులుగా బ్రిటిష్ వాళ్ళు దీన్ని తీసుకెళ్ళారు. రెక్కలు ఎప్పుడో పోయాయి, కొత్తగా చేయించి తగిలించారు. ఇప్పుడు లండన్‌లో హెండన్ దగ్గరున్న ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్ పేరు రాసుకుని హైదరాబాద్ ముఖం చూడని విమానం అది.

కిట్ కొనుక్కోవచ్చుగా అంటారేమో. న్యూజిలాండ్‌లో వింగ్‌నట్ వింగ్స్ అని ఒక కంపెనీ ఉండేది. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ తీసిన పీటర్ జాక్సన్‌ది. ఈ విమానానికి అద్భుతమైన ప్లాస్టిక్ కిట్ చేసింది కూడా. 2020లో ఆ కంపెనీ మూతపడింది. మిగిలిన కిట్లు చేతులు మారుతూ అమ్ముడవుతున్న ధరలు వింటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. పైగా చెక్క, బట్ట, తీగలతో చేసిన విమానాన్ని ప్లాస్టిక్‌లో చెయ్యడం నాకెందుకో నప్పలేదు.

లెక్కలు తేలికే. అసలు విమానం రెక్కల వెడల్పు 14 మీటర్లు, పొడవు 9.22 మీటర్లు. 24తో భాగిస్తే రెక్కలు 58 సెంటీమీటర్లు, పొడవు 38. ఆరడుగుల పైలట్ ఏడున్నర సెంటీమీటర్ల మనిషి అవుతాడు. డ్రాయింగు ప్రింట్ తీసి బల్లకి అతికించాక అసలు ప్రశ్న వచ్చింది. దేంతో చెయ్యాలి? విదేశాల్లో వాళ్ళు బాల్సా కర్ర వాడతారు. బాల్సాలాగే తేలిగ్గా, మెత్తగా ఉండే కర్ర మా రోడ్డు మీదే ఉంది. తెల్ల పొణికి.

కొండపల్లి బొమ్మల కాలనీకి ఒక శనివారం పొద్దున్నే వెళ్ళాను. వీధిలోకి అడుగు పెట్టగానే రంగుల వాసన. అరుగుల మీద అంబారీ ఏనుగులు, ఎడ్లబళ్ళు, దశావతారాలు సగం రంగుతో ఆరుతున్నాయి. వీళ్ళు బొమ్మని ఒకే దుంగలోంచి చెక్కరు. చేతులు, కాళ్ళు, తల విడిగా చెక్కి అతుకుతారు. అతుకులు కనపడకుండా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెడతారు. పైన సున్నం పూత, దానిమీద రంగు. నాకు చటుక్కున తట్టింది, స్క్రాచ్ బిల్డ్ అంటే ఇదేగా! నేను యూట్యూబ్‌లో నేర్చుకుంటున్నది ఇక్కడ కొన్ని వందల ఏళ్ళుగా అరుగుల మీద జరుగుతోంది.

ఒక పెద్దాయన నా డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘‘బాబాయ్, దీనికి సరిపడా కర్ర కావాలి’’ అన్నాను.

‘‘కర్రదేముంది బాబూ, ఎండాలి. పచ్చికర్రతో చేస్తే వారం తిరక్కముందే నీ రెక్క వంకర పోద్ది’’ అన్నాడు. వాళ్ళు చెక్కే ముందు కర్రని వేడి మీద బాగా ఆరబెడతారు. కొండల్లో పొణికి చెట్లు తగ్గిపోయి కర్ర దొరకడమే కష్టమైందని, ముక్క కూడా వృథా చెయ్యొద్దని మరీ మరీ చెప్పాడు. డబ్బులు తీసుకుంటూ ‘‘ఇది ఎవరు కొంటారు?’’ అని అడిగాడు. ఎవరూ కొనరన్నాను. ఆయన నన్ను చూసిన చూపు మా మేనేజర్ చూపుకి దగ్గరగా ఉంది.

ఇంకో తమాషా ఏమిటంటే కొండపల్లి సర్కారు కూడా ఒకప్పుడు నిజాందే. 1766లో ఉత్తర సర్కారులతో పాటు ఈస్టిండియా కంపెనీకి వెళ్ళిపోయింది.

మిగతా సామాన్లకి తిరువూరు బజారే గతి. ముక్కు, పొట్ట ముందుభాగం పొణికి కర్రతో వచ్చాయి. రెక్కల్లో నిలువు బద్దలకి వెదురు, అడ్డ ఈనెలకి కొబ్బరి చీపురు పుల్లలు. వెనక కూర్చునే పరిశీలకుడి తుపాకీ ఒక గుండ్రటి చట్రం మీద తిరుగుతుంది. దానికి ఫ్యాన్సీ షాపులో పసిపిల్లల గాజు సరిపోయింది. చక్రాలు పెద్ద కోటు గుండీలు. అసలు విమానంలో రెక్కల మీద నార బట్ట కప్పి, అది బిగుసుకునేలా డోప్ అనే పూత పూసేవారు. ఈ సైజుకి ఏ బట్టయినా గోనెసంచిలాగే కనిపిస్తుంది. అందుకని గాలిపటం కాగితం. తడిపి అతికిస్తే ఆరేటప్పుడు తనంతట తనే బిగుస్తుంది. పైన పలచటి గంజి. దీపం ముందు పెడితే లోపలి ఈనెలు ఎముకల్లా కనపడతాయి. నాకు ఈ పనిలో బాగా నచ్చిన దశ అదే. రంగు వెయ్యబుద్ధి కాలేదు.

రంగు సంగతి చెప్పాలి. అప్పటి బ్రిటిష్ విమానాల పైభాగానికి పీసీ-10 అనే రంగు వేసేవారు. అది ఆకుపచ్చా, గోధుమా అని మోడలింగ్ వాళ్ళు ఈరోజుకీ కొట్టుకుంటారు. అందులో ఉన్నది ప్రధానంగా రెండే, పసుపు మట్టి రంగు, దీపపు మసి. మా ఇళ్ళల్లో సున్నంలో కలిపే పేవుడి, ఇత్తడి పళ్ళానికి పట్టిన మసి. కలిపి చూశాను. పసుపు, నలుపు కలిసి నిజంగానే ఆకుపచ్చ వైపు జరిగాయి. ఇంకాస్త మసి వేస్తే గోధుమ అయింది. ఆ గొడవ ఎందుకు తెగదో అప్పుడర్థమైంది.

పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య బిగించే తీగలకి చేపల గాలం దారం వాడాను. కట్టాక దానికి అగరుబత్తి నిప్పు దగ్గరగా, తగలకుండా పెడితే టక్కున బిగుసుకుంటుంది. మరీ దగ్గరకెళ్తే తెగుతుంది. పూజ గదిలో అగరుబత్తులు మాయమవుతున్నాయని ఇంట్లో ఒక విచారణ కూడా జరిగింది.

ఇదంతా రోజూ చూస్తున్నది మా అమ్మమ్మ. ఆవిడ పుట్టిల్లు సరిహద్దుకి అవతల, నిజాం కాలంలో వరంగల్ జిల్లాలో ఉన్న మధిర తాలూకాలో. ఇవతల కలదారు రూపాయి, అవతల హాలీ సిక్కా, మధ్యలో కరోడ్‌గిరి వాళ్ళ సుంకం నాకాలు, ఆ కథలన్నీ ఆవిడ చెప్పగా విన్నవే. విమానం మీద ఏం రాస్తావని అడిగితే చెప్పాను, నిజాం ఇచ్చాడని రాయాలని.

‘‘ఆయన ఇచ్చాడా? ఆయన యాణ్ణుంచి తెచ్చాడ్రా? మా తాత శిస్తు కట్టలేక ఎడ్లు అమ్ముకున్నాడని మా నాయన చెప్పేవోడు’’ అంది.

నా దగ్గర జవాబు లేదు. ఖజానా డబ్బయినా, నిజాం సొంత భూముల సర్ఫేఖాస్ డబ్బయినా, దున్నినవాళ్ళ దగ్గర వసూలైందే. ఆ డబ్బుతో కొన్న విమానాలు ముందు జర్మన్ ఊళ్ళ మీద బాంబులేశాయి. యుద్ధం అయ్యాక ఇదే రకం విమానాలతో బ్రిటిష్ వాళ్ళు ఇరాక్ పల్లెల మీదా, వజీరిస్తాన్ పల్లెల మీదా బాంబులేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1939 సెప్టెంబరు 4న జర్మన్ యుద్ధ నౌకల మీద బ్రిటన్ చేసిన మొట్టమొదటి బాంబు దాడికి వెళ్ళినవాటిలో కూడా ఈ హైదరాబాద్ స్క్వాడ్రన్ ఉంది, అప్పటికి వేరే విమానాలతో. ఇవన్నీ చెప్తే అమ్మమ్మ ‘‘ఓరి నాయనో, మనకెందుకొచ్చిన పాపంరా’’ అంది.

ఆవిడకి ఇంకోటి కూడా చెప్పాను. డీహెచ్-9ఏలు పాతబడ్డాక వాటి స్థానంలో వెస్ట్‌లాండ్ కంపెనీ వాపిటీ అనే విమానం చేసింది. ఖర్చు తగ్గాలని డీహెచ్-9ఏ విడిభాగాలే చాలావరకు వాడారు, రెక్కలతో సహా. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మన వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ పెట్టినప్పుడు దాని చేతిలో ఉన్నవి నాలుగే విమానాలు. నాలుగూ వాపిటీలే. అంటే నేను చీపురు పుల్లలతో కడుతున్న ఈ రెక్కల మీదే మనవాళ్ళు ఎగరడం మొదలెట్టారు. అమ్మమ్మ దీనికి తల ఊపింది కానీ ఎడ్ల సంగతి మాత్రం వదల్లేదు.

అక్షరాలు గత ఆదివారం రాశాను. సన్న కుంచె, భూతద్దం, ఊపిరి బిగబట్టి. ఒక్కో అక్షరం బియ్యపు గింజలో సగం ఉంది. హెండన్‌లో ఎలా ఉందో అలాగే నిజాం పేరే రాశాను, మోడల్ అంటే అసలుకి నకలు కాబట్టి. తర్వాత పై రెక్క తగిలించకముందే, పైలట్ సీటు కింద, ఇక ఎవరికీ కనపడని చోట, తెలుగులో ‘మధిర తాలూకా, రెండు ఎడ్లు’ అని రాసి మూసేశాను. అమ్మమ్మకి చదివి వినిపించాకే.

ఇంకా ప్రొపెల్లర్ మిగిలుంది, తోక మీద నీలం, తెలుపు, ఎరుపు చారలు మిగిలున్నాయి. పొణికి కర్ర అయిపోయింది. ఈ శనివారం మళ్ళీ కొండపల్లి వెళ్ళాలి, చిన్న ముక్క చాలు.