దింపడం నేర్పుతారా?

మా మేనల్లుడికి ఆకాశం మీద మోజు పుట్టింది. మేము కాపురమున్నది ఫిల్మ్‌నగర్‌లో. ఈ పేటలో ఏదో ఒక మోజు లేని కుర్రాడు దొరకడమే కష్టం. మావాడికి వేషం మీద కాక కెమెరా మీద పుట్టింది. మూడేళ్ళుగా ఛాయాగ్రాహకుల వెంట పెట్టెలు మోస్తున్నాడు.

"డ్రోన్ పైలట్ సర్టిఫికెట్టు ఉంటే ఈ మోత తప్పుతుంది మామయ్యా!" అన్నాడు.

"1957లో మార్కస్ బార్ట్‌లే 'మాయాబజార్' ఏ డ్రోనుతో తీశాడురా?" అన్నాను. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు పుష్పక విమానం సంగతి తెలుసు గాని, డ్రోను సంగతి తెలియదు. అది ఒప్పుకోవడం నామోషీ.

అక్కయ్య మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, తన గాజులు నాలుగూ తెచ్చి బల్లమీద పెట్టింది. బావ పోయాక ఆమెకు మిగిలిన బంగారం అదే. అప్పటికిగాని ఈ వ్యవహారం బరువు నాకు తెలియలేదు.

మర్నాడు ఇద్దరం బయలుదేరాం. మొదటి సంస్థ జూబిలీహిల్స్‌లో ఒక మేడమీద ఉంది. చల్లని గది, గోడలనిండా తారల బొమ్మలు, మూడు రోజుల కోర్సు, ఆ వెంటనే సినిమాల్లో అవకాశం! ఇవాళే బయానా ఇస్తే ఐదువేలు తగ్గిస్తామన్నారు. చెప్పొద్దూ, నా చెయ్యి జేబులోకి పోయింది. అంతలో అక్కయ్య గుమ్మంలో అన్నమాట గుర్తొచ్చింది: "ఎగరెయ్యడం ఎవరైనా నేర్పుతారు తమ్ముడూ! దింపడం నేర్పుతారో లేదో అడుగు."

"నేర్పే మైదానం ఎక్కడండీ?" అన్నాను.

"ఈ డాబామీదే."

"మీరిచ్చేది డి.జి.సి.ఏ. వారి సర్టిఫికెట్టేనా?"

"దానికి సమానమైందేనండీ!"

వ్యాకరణం చెప్పుకు బతికేవాణ్ణి. 'అదే' అనడానికీ, 'దానికి సమానం' అనడానికీ గల భేదం నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ రాత్రి కూర్చుని 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు చదివాను. 18 నుంచి 65 ఏళ్ళలోపు వయస్సు, పదో తరగతి ప్యాసు ఉంటే చాలు. కాని డి.జి.సి.ఏ. అనుమతించిన సంస్థలోనే శిక్షణ పొందాలి. అలా వచ్చిన సర్టిఫికెట్టు పదేళ్ళు చెల్లుతుంది. 250 గ్రాములు మించని బుల్లి డ్రోనుకు సర్టిఫికెట్టు అక్కర్లేదు. పెద్ద కెమెరాలు మోసేవి రెండు కిలోలు దాటితే 'స్మాల్' తరగతి కిందికి వస్తాయి. దాని హద్దు 25 కిలోలు. ఏ తరగతికి శిక్షణ ఇస్తారో ముందే అడగాలన్నమాట. విమానాశ్రయాల చుట్టుపక్కల ఇష్టమొచ్చినట్టు ఎగరేయకూడదు కూడా. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినా, బేగంపేట విమానాశ్రయం మాకు దగ్గరే ఉంది. డాబామీద నేర్పుతానన్న పెద్దమనిషి ఈ ముక్క చదివాడో లేదో!

రెండోది, అనుమతించిన జాబితాలో చూసుకుని వెళ్ళినది, ఊరిబయట రేకుల షెడ్డు. ఫీజు రెట్టింపు. ముందు పాఠాలు, తరవాత కంప్యూటర్‌మీద అభ్యాసం, ఆపైన మైదానం. అక్కయ్య ప్రశ్నే అడిగాను. మాస్టారు జవాబు చెప్పకుండా ఎండలోకి తీసుకెళ్ళి చూపించాడు. ఉపగ్రహాల సాయం ఆపేసి, గాలికి జారిపోతున్న యంత్రాన్ని ఒక కుర్రాడు చేతి నేర్పుతో దింపుతున్నాడు.

"ఇది వస్తేనే ప్యాసు చేస్తాను. సినిమాల్లో అవకాశం సంగతి మాత్రం నేను చెప్పలేనండీ" అన్నాడాయన.

ఆ చివరిమాటకే డబ్బు కట్టేశాను. దారి పొడుగునా మావాడు నాతో మాట్లాడలేదు.

ఆఖరిరోజున అక్కయ్యను తీసుకెళ్ళాం. అందరూ తలలెత్తి ఆకాశంలోకి చూస్తూంటే, ఆమె మాత్రం నేలమీద సున్నంతో గీసిన చక్రాన్నే చూస్తూ నిలబడింది. యంత్రం ఒకసారి పక్కకు ఒరిగి, సర్దుకుని, చక్రంలోనే వాలింది. "దిగింది" అంది అక్కయ్య, బోసి చేతులు చీరచెంగుతో తుడుచుకుంటూ.

సర్టిఫికెట్టు వచ్చింది. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. నిన్న సాయంత్రం వాడు పరుగెత్తుకొచ్చాడు. ఏదో సినిమాకు రేపటినుంచి రమ్మన్నారట.

"ఎగరెయ్యడానికేనా?" అన్నాను.

"ప్రస్తుతానికి పెట్టె మొయ్యడానికే" అని, ముఖం విప్పార్చి, "కాని డ్రోను పెట్టె, మామయ్యా!" అన్నాడు.