నొప్పి చేతులకు ఏ మాండలిన్?

పెన్షన్ మీద బతికేవాళ్ళకి సరదా ఖర్చుకి ఒక కట్టుబాటు ఉండాలి. మా ఇంట్లో ఆ కట్టుబాటు పేరు రికరింగ్ డిపాజిట్. నెలకి వెయ్యి రూపాయలు అందులో పడతాయి. ఏడాది చివర చేతికొచ్చేది నాది, దేనికని అడిగేవాళ్ళు లేరు. మా ఆయన దాన్ని ‘మాండలిన్ పద్దు’ అని ఎగతాళి చేసేవారు. చివరికి అది మాండలిన్‌కే పనికొచ్చింది.

మాది భీమవరం, పాలకొల్లుకి దగ్గర. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి మాండలిన్ కచేరీ చేశాడు. అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. ఆ తరవాత ఆయన పేరు మోగుతున్న రోజుల్లో, మాండలిన్ కొనిపెట్టమని నాన్నల ప్రాణం తీసిన గోదావరి పిల్లల్లో నేనూ ఒకదాన్ని. టీచరుగా పనిచేసినన్నాళ్ళూ సాయంత్రాలు దానితోనే గడిచాయి. తీరా రిటైరయ్యి తీరిక దొరికాక ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. కీలు అరిగిందన్నారు డాక్టరు గారు. పట్టీ వేసుకోమన్నారు, వేడి కాపడం పెట్టుకోమన్నారు. వాయించడం మానక్కర్లేదు గానీ నొప్పి పుట్టగానే ఆపెయ్యాలన్నారు.

చూడ్డానికి చిన్న వాయిద్యమే గానీ మాండలిన్ వేళ్ళని బాగా కష్టపెడుతుంది. ఎనిమిది ఉక్కు తీగలు, జంటలు జంటలుగా. అన్నీ కలిపి మెడని డెబ్బై, ఎనభై కిలోల బలంతో లాగుతుంటాయి. ప్రతి స్వరానికీ రెండేసి తీగల్ని ఒకేసారి నొక్కాలి. ఆ నొక్కుడుకి ఎదురు నిలవాల్సింది మెడ వెనకాల ఉన్న బొటనవేలే.

మొదట నా కళ్ళు ఖరీదైన వాటి మీదే పడ్డాయి. నొప్పిలో ఉన్న మనిషికి ధర ఎక్కువైతే సుఖమూ ఎక్కువ ఉంటుందనిపిస్తుంది, అమ్మేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. విదేశాల్లో, వేళ్ళకి మెత్తగా ఉండే నైలాన్ తీగలకే ప్రత్యేకంగా మాండలిన్ చేతితో చేసి ఇచ్చేవాళ్ళున్నారు. కస్టమ్స్, జీఎస్టీ, కొరియర్ కలుపుకుంటే లెక్క లక్ష దాటింది. నగరంలో ఒక షాపువాళ్ళు, ‘తీగలు వెన్నలా ఉంటాయి మేడమ్’ అంటూ నలభై ఎనిమిది వేల ఎలక్ట్రిక్ మాండలిన్ చూపించారు. నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. ఒకేసారి డబ్బు కడితే ఎంతకిస్తారని అడిగితే నలభై ఐదున్నర వేలన్నారు. అంటే నాకు రావలసిన తగ్గింపే అక్కడ వడ్డీగా మారుతోంది. కార్డు మీద తీసుకుంటే బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. జీతం రోజుల్లోనే సరదా వస్తువులు వాయిదాల్లో కొనలేదు, ఇప్పుడెందుకు కొంటాను? పైగా ఆ ఎలక్ట్రిక్ దానిలో ఉన్నది అయస్కాంతం పికప్. ఉక్కు తీగ కదిలితేనే దానికి వినబడుతుంది. నైలాన్ తీగ వేస్తే ఆంప్లిఫయర్ నోరు మెదపదు.

దారి చూపించింది మా ఊళ్ళో వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన. ‘టీచరు గారూ, డబ్బులు తర్వాత తీద్దురుగాని. ముందు జంటకొక తీగ తీసి చూడండమ్మా’ అన్నాడు. శ్రీనివాస్ వాయించింది కూడా ఒంటి తీగల మాండలినే కదా అని అప్పుడు తట్టింది. నాలుగు తీగలు తీసేస్తే నొక్కే బలం దాదాపు సగానికి దిగింది. ఖర్చు సున్నా. తరవాత ఏడు వందలు పెట్టి సన్నటి తీగలు వేయించాను. చెవుల దగ్గర తీగలు కూర్చునే గాట్లు లోతు చేసి, బ్రిడ్జి దించినందుకు ఆయన పన్నెండు వందలు తీసుకున్నాడు. చవక మాండలిన్లలో చాలావాటికి ఆ గాట్లు పైకి ఉంటాయట. మొదటి మెట్టు దగ్గర నొప్పికి సగం కారణం అదే. ఈ పనికి ఇచ్చిన డబ్బు గురించి నేనెప్పుడూ బాధపడలేదు.

అయినా పది నిమిషాలు దాటితే వేలు మొరాయించేది. ‘దీనికే నైలాన్ తీగలు కట్టేస్తే పోలా?’ అన్నారు మా ఆయన. కట్టొచ్చు, కానీ మోగదు. ఉక్కు తీగల ఒత్తిడికి తగ్గట్టు చేసిన పై పలకని నైలాన్ సరిగ్గా కదిలించలేదు. తీగల బిగువు మీదే నిలబడే బ్రిడ్జి కూడా పక్కకి జారుతుంది.

అందుకని మాండలిన్ వదిలి, నైలాన్ తీగలకే చేసిన చిన్న గిటారు లాంటి ఉకులేలే వైపు చూశాను. సొప్రానో ఉకులేలేలో తీగ పొడవు మాండలిన్‌కి దగ్గర దగ్గరగా, ముప్పై మూడు నుంచి ముప్పై ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. కాబట్టి మెట్ల ఎడం వేళ్ళకి కొత్తగా అనిపించదు. తీగలు నాలుగే, అన్నిటి బిగువూ కలిపినా మాండలిన్‌లో పావు వంతుకి అటూ ఇటూ. ఇటలీ కంపెనీ అక్విలా, మాండలిన్, వయొలిన్‌ల లాగే జి, డి, ఎ, ఇ శ్రుతికి సరిపోయే తీగల సెట్టు చేస్తుంది. ఉకులేలే ఐదున్నర వేలు. తీగలు పదమూడు వందలు, న్యూజెర్సీ నుంచి పెళ్ళికి వచ్చిన మా తోటికోడలి కూతురు సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. పాత మాండలిన్‌కి పెట్టినదీ కలిపితే మొత్తం ఎనిమిది వేల ఏడు వందలు. పద్దులో ఇంకా కొంత మిగిలింది.

పోయినవి కూడా చెప్పాలి. నైలాన్ స్వరం త్వరగా ఆరిపోతుంది. ట్రెమొలోలో ఆ వెండి మెరుపు లేదు. తీగ లాగి గమకం పలికిద్దామంటే నైలాన్ సాగుతుందే తప్ప శ్రుతి అంతగా పెరగదు. జారుతోనే సర్దుకోవాలి. మెడ కాస్త వెడల్పు, అలవాటయ్యేదాకా చిటికెనవేలు తడబడింది. కచేరీ చేసేవాళ్ళకి ఇది చాలదు. ఇంట్లో కూర్చుని పాత సినిమా పాటలు, చిన్న కీర్తనలు వాయించుకునే నాకు చాలు. ఇప్పుడు పొద్దున్నే గంటసేపు వాయించగలుగుతున్నాను. లక్ష రూపాయల వాయిద్యమైనా ఇంతకన్నా ఎక్కువసేపు వాయించనిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

పాత మాండలిన్ అమ్ముదామనుకుంటే మూడు వేలకి అడిగారు. అలాంటిది మళ్ళీ కొనాలంటే దానికి నాలుగింతలవుతుంది. ఒంటి తీగలతోనే ఉంచాను. చెయ్యి బాగున్న రోజున పది నిమిషాలు దాని మీదే వాయిస్తాను.

ఇదే దారిలో వెళ్ళేవాళ్ళు షాపులో రెండు మాటలు స్పష్టంగా అడగండి. సైజు సొప్రానోయే కావాలి. అంతకన్నా పొడుగైన ఉకులేలే మీద ఆ సన్న ఇ తీగ శ్రుతి పెంచుతుండగానే తెగే ప్రమాదం ఉంది. తీగలు కూడా పంచమాల శ్రుతికని, అంటే ఆ జి, డి, ఎ, ఇ శ్రుతికని చేసిన సెట్టే కావాలి. ఉకులేలేతో పాటు వచ్చే మామూలు తీగలతో మాండలిన్ శ్రుతి రాదు.