రాళ్ళ ఆపరేషను

నా పిత్తాశయంలో రాళ్ళు లేవు. ఏనాడూ లేవు. అయినా కిందటి వేసవిలో నాకు రాళ్ళ ఆపరేషను అయిందని మా వీధి వీధంతా నమ్మింది. నమ్మించింది నేనే.

అసలు జరిగింది వేరు. స్తనాల బరువు తగ్గించి, జారినవాటిని పైకెత్తి కుట్టే ఆపరేషను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందంటే మీరు నవ్వుతారేమో!

నేను కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. ప్రబంధాల్లో నాయిక వర్ణన వస్తే బంగారు కలశాలనీ, జక్కవపిట్టలనీ ప్రతిపదార్థం చెప్పి, అలంకారం పేరు చెప్పి ముందుకు సాగిపోతాను. గొంతు తొట్రుపడదు. ముద్దుపళని సంగతి వచ్చినప్పుడైతే నా ధైర్యం చూడాలి! ఆవిడ 18వ శతాబ్దిలో రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, అశ్లీలమని దొరల ప్రభుత్వం నిషేధించింది. అది చెప్పి, "ఆడది నోరు విప్పితే తప్పా?" అని క్లాసును నిలదీస్తాను. అంతటి దాన్ని, ఇంటికొచ్చి పక్కింటి పిన్నిగారితో "రాళ్ళండీ" అన్నాను.

కాళిదాసు మొదలు మన కవులందరికీ ప్రియమైన మాట స్తనభారం. ఆ భారానికి నాయిక కాస్త ముందుకు వంగి నడుస్తుంది. అది అందం. నేనూ వంగే నడిచాను. మెడ లాగేది. భుజాల మీద బాడీ పట్టీలు నొక్కి చాళ్ళు పడ్డాయి. రాజమండ్రి ఎండలకు రొమ్ముల కింద చర్మం చెమటకు ఒరిసి మండేది. వరసగా మూడు క్లాసులు నిలబడి చెబితే, ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడుకోవలసిందే. ఇవేవీ కావ్యాల్లో లేవు.

ఏళ్ళ తరబడి ఎముకల డాక్టర్ల చుట్టూ తిరిగాక ఒక లేడీ డాక్టరుగారు అసలు కారణం చెప్పి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరకు పంపారు. ఆయన ముందు మామోగ్రాం తీయించారు. తర్వాత బొమ్మ గీసి చూపించారు. ఊరికే పైకెత్తడమైతే వదులైన చర్మం తీసి లోపలిదాన్ని సర్దుతారట. నాకు లోపలి కండా కొవ్వూ కూడా కొంత తీయాలన్నారు. మచ్చ చనుమొన చుట్టూ తిరిగి, అక్కణ్ణుంచి కిందికి దిగి, అడుగున మడతలో అడ్డంగా సాగుతుంది. అచ్చం ఓడ లంగరు! నాకు రెండు వైపులా కలిపి కిలో పైగానే తీశారు. దాన్ని పరీక్షకు పంపితే ఏ దోషమూ లేదని వచ్చింది.

"నలభై ఆరేళ్ళకు ఈ సోకేమిటమ్మా!" అన్నారు మా అత్తగారు, నేను బయలుదేరేముందు. ఆ మాట కుట్లకంటే ముందే నాటుకుంది.

ఇంటికి వచ్చాక పగలూ రాత్రీ బిగువుగా పట్టి ఉంచే ప్రత్యేకమైన బాడీ తొడుక్కోవాలి. తలగడలు ఎత్తు పెట్టుకుని వెల్లకిలాగానే పడుకోవాలి. చేతులు భుజాలు దాటి ఎత్తకూడదు. బరువులు ముట్టకూడదు. అలాగని మంచానికి అతుక్కుపోనూ కూడదు. కాళ్ళలో నెత్తురు గడ్డకట్టకుండా ఇంట్లోనే అటూ ఇటూ నడవాలి. జ్వరం వచ్చినా, ఒక్క వైపే ఉన్నట్టుండి వాచినా, చీము కనిపించినా వెంటనే ఫోను చెయ్యాలి. అవి ఆవకాయ రోజులు. మావారు కారం కలుపుతుంటే కుర్చీలో కూర్చుని ఉప్పు పాలు చెప్పడం తప్ప జాడీ కూడా జరపలేకపోయాను.

పథ్యం దగ్గర నా అబద్ధం నాకే చుట్టుకుంది. రాళ్ళ రోగికి నూనె, నెయ్యి పనికిరావని పిన్నిగారు రోజూ చప్పిడి జావ తెచ్చేవారు. పప్పు తింటే చీము పడుతుందని అత్తగారు. పుండు మానడానికి పప్పూ పెరుగూ గుడ్డూ బాగా తినమని డాక్టరుగారు. పిన్నిగారి ఎదుట జావ తాగి, ఆవిడ వెళ్ళాక పప్పన్నం తినేదాన్ని.

మూడో వారంలో నిలువు కుట్టూ అడ్డు కుట్టూ కలిసే చోట కందిగింజంత మేర విచ్చుకుంది. ఫోటో పంపితే డాక్టరుగారు చూసి, అక్కడ లాగుడు ఎక్కువ గనుక అలా అవుతూ ఉంటుందనీ, కట్టు మారుస్తుంటే మానుతుందనీ చెప్పారు. మానింది కూడా. కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. సోకుకు పోయినందుకు ఇది శిక్ష అనిపించి ఏడ్చాను. ఇంత చదువుకుని ఇదేం ఆలోచన అని మళ్ళీ ఏడ్చాను.

చేతులు ఎత్తకూడదు గనుక నా జడ అత్తగారే వేసేవారు, మాటా పలుకూ లేకుండా. మర్నాడు పొద్దున్న దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయారు. నా భుజం మీది చాలు ఆవిడ కంటబడింది. వేలితో తడిమారు. కాసేపటికి ముందుకొచ్చి, తన రవిక అంచు పక్కకు జరిపి చూపించారు. నా కంటే లోతు, నలుపు.

"మా అమ్మకూ ఉండేవి. రవిక బిగువనుకున్నాం. మెడకు అమృతాంజనం రాసుకుంటూ డెబ్భై రెండేళ్ళు వచ్చాయి నాకు" అన్నారు. మళ్ళీ వెనక్కి వెళ్ళి జడ పూర్తి చేశారు.

పది గంటలకు పిన్నిగారు గిన్నెతో వచ్చారు. అత్తగారు వరండాలోనే ఎదురెళ్ళారు. "రాళ్ళూ లేవు, రప్పలూ లేవు వదినగారూ. దానికి రొమ్ముల బరువు తీశారు. మెడ విరిగిపోతుంటే ఏం చేస్తుంది? ఇక జావ వద్దు. ఆవకాయ తింటుంది."

లోపల నాకు నేల చీలితే బాగుండుననిపించింది. పిన్నిగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గిన్నె కింద పెట్టి, చతికిలబడి, గొంతు తగ్గించి, "అయితే మెడ నొప్పి పోయిందా?" అని అడిగారు.

పోయింది. చాలావరకు పోయింది. ఒకచోట ఇంకా స్పర్శ తెలియదు. మచ్చలు ఎర్రగానే ఉన్నాయి. వెలవడానికి ఏడాది పైనే పడుతుందట.

కాలేజీ తెరిచాక మళ్ళీ నాయిక వర్ణన వచ్చింది. స్తనభారం దగ్గర అర్థం చెప్పి, ఇది కవిసమయమనీ, నిజంగా ఆ బరువు మోసేవాళ్ళకు మెడా వెన్నూ నొప్పి పుడతాయనీ, దానికి వైద్యం ఉందనీ చెప్పాను. అబ్బాయిలు తలలు వంచుకున్నారు. అమ్మాయిలు గబగబా రాసుకున్నారు. ఇది పరీక్షలో రాదని చెప్పడం మరిచిపోయాను.